ఉప్పు తట్టుకునే జన్యు సవరణ వరి: విత్తనం కొనేముందు తెలుసుకోవలసిన విషయాలు

అంతర్వేది, సఖినేటిపల్లి పరిసరాల్లో సముద్రపు పోటుకు మురుగు కాలువల్లోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. అలాంటి పొలాలున్న రైతులకు “ఉప్పు తట్టుకునే కొత్త వరి” అన్నమాట ఆశ పుట్టిస్తుంది. ఆ పేరుతో ఎవరైనా విత్తనం అమ్మజూపితే తొందరపడకండి. ముందు ఈ వివరాలు తెలుసుకోండి.

ఏమిటీ కొత్త వరి?

2025 మే 4న కేంద్ర ప్రభుత్వం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ ‘కమల’ను రూపొందించింది. మన మార్టేరు రకం ఎం.టి.యు. 1010 (కాటన్‌దొర సన్నాలు) నుంచి ఢిల్లీలోని పూసా సంస్థ ‘పూసా డీఎస్‌టీ రైస్ 1’ను తయారుచేసింది. ఉప్పు, చౌడు నేలల్లో ఇది ఎక్కువ దిగుబడి ఇస్తుందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఆ ప్రయోగ ఫలితాలను ప్రశ్నిస్తున్న సంఘాలూ ఉన్నాయి.

జన్యుమార్పిడికీ, జన్యు సవరణకూ తేడా

• జన్యుమార్పిడి: వేరే జీవి జన్యువును పంటలో చేర్చడం. దీనికి 1989 నిబంధనల ప్రకారం కేంద్ర జన్యు సాంకేతిక మదింపు కమిటీ అనుమతి తప్పనిసరి. మన దేశంలో రైతులు వాణిజ్యపరంగా సాగుచేస్తున్న జన్యుమార్పిడి పంట పత్తి ఒక్కటే. బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో నిలిపివేశారు.

• జన్యు సవరణ: మొక్క సొంత జన్యువులోనే చిన్న మార్పు చేయడం. బయటి డీఎన్‌ఏ మిగలని రకాలకు 2022 మార్చిలో ఆ కమిటీ అనుమతి నుంచి మినహాయింపు ఇచ్చారు. బయటి డీఎన్‌ఏ లేదని జీవభద్రతా కమిటీ మాత్రం నిర్ధారించాలి.

ఆహార భద్రత చట్టం 2006, సెక్షన్ 22 ప్రకారం జన్యుమార్పిడి ఆహారాన్ని ఇష్టం వచ్చినట్టు తయారుచేయడం, అమ్మడం, దిగుమతి చేయడం కుదరదు. 2021 నుంచి వరి సహా 24 పంటల దిగుమతికి జన్యుమార్పిడి లేదన్న ధ్రువపత్రం అడుగుతున్నారు. మన బియ్యం కొనే దేశాలూ ఇలాంటి తనిఖీలే చేస్తాయి. అనుమతి లేని విత్తనం ఒక ఊళ్లో కలిసినా, నష్టం కాకినాడ రేవు దాకా పాకుతుంది.

మీరు చేయవలసినవి

• రకాన్ని ప్రకటించగానే విత్తనం అంగడికి రాదు. మేధో హక్కుల అనుమతులు, బ్రీడర్, ఫౌండేషన్ విత్తన దశలు దాటాలి. విడిగా, బిల్లు లేకుండా ఇచ్చే విత్తనం కొనవద్దు.
• సంచిపై రకం పేరు, లాటు నంబరు, మొలక శాతం, గడువు తేదీ చూడండి. బిల్లు, ట్యాగు, గుప్పెడు విత్తనం పంట చేతికొచ్చేవరకు దాచండి.
• అనుమానం ఉంటే రైతు సేవా కేంద్రంలో గానీ, మండల వ్యవసాయాధికారిని గానీ అడగండి.
• మట్టి పరీక్ష చేయించండి. లవణ సూచిక (ఇ.సి.) 4 దాటితే పాలచౌడు. దీనికి మంచినీరు పెట్టి మురుగు తీయడమే మార్గం. జిప్సం కారుచౌడుకు పనిచేస్తుంది.
• కొత్త రకం అందేవరకు ఎం.టి.యు. 1061, మచిలీపట్నం ఎం.సి.ఎం. 100 వంటి ఉప్పు తట్టుకునే రకాల గురించి మార్టేరు శాస్త్రవేత్తల సలహా తీసుకోండి.