మనీలా ఫిల్మ్ సెంటర్: దయ్యాల కథ కింద ఉన్న కూలీలు

సైట్లలో ఫిలిప్పీనో మేస్త్రీలతో పనిచేసిన మనవాళ్లు చాలామంది ఈ కథ వినే ఉంటారు. మనీలాలో ఒక సినిమా థియేటర్ ఉంది, రాత్రయితే గోడల్లోంచి మూలుగులు వినిపిస్తాయి అంటారు. ఎపిసోడ్‌లో కథ చెప్పుకున్నాం కదా, ఇక్కడ దాని చరిత్ర రాస్తున్నా.

దాని పేరు మనీలా ఫిల్మ్ సెంటర్. సముద్రం పూడ్చిన నేల మీద, గ్రీకుల పార్థెనాన్ గుడిలా కట్టారు. కట్టించింది అప్పటి అధ్యక్షుడు మార్కోస్ భార్య ఇమెల్డా. 1982 జనవరిలో అంతర్జాతీయ చిత్రోత్సవం ఉంది, ఆలోపు బిల్డింగ్ పూర్తవ్వాలి. అందుకని సుమారు 4,000 మందితో మూడు షిఫ్టులు, రాత్రీపగలూ పని నడిపారు.

1981 నవంబర్ 17, తెల్లవారుజామున సుమారు 3 గంటలకు స్కాఫోల్డింగ్ కూలింది. పైనున్న కూలీలు తడి కాంక్రీటులో పడ్డారు. సహాయానికి వచ్చినవాళ్లనూ విలేకరులనూ గంటల తరబడి లోపలికి రానివ్వలేదంటారు.

దీని అర్థం మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఒక్క క్యూబిక్ మీటర్ తడి కాంక్రీటు దాదాపు రెండున్నర టన్నులు. అది గట్టిపడేదాకా ఆ బరువంతా కింది సపోర్టులే మోయాలి. అందులో కూరుకుపోయిన మనిషికి నిమిషాలే లెక్క, గంటలు కాదు.

ఎంతమంది పోయారు? కొందరు పది పన్నెండు మంది అంటారు. జనం నోట ఎక్కువగా వినపడేది 169. అందరూ ఒప్పుకునే లెక్క నేటికీ లేదు. శవాలు కొన్ని లోపలే ఉండిపోయాయని, వాటిమీదే పని కొనసాగించారని చెప్పుకుంటారు. పండగ మాత్రం అనుకున్నట్టే 1982 జనవరిలో మొదలైంది, రెండు నెలలు తిరిగేసరికి.

దయ్యాల కథలు పుట్టింది ఇక్కడే. 1990 భూకంపంలో బిల్డింగ్ దెబ్బతిని, ఏళ్లతరబడి ఖాళీగా పడి ఉంది. ఆ చీకట్లో కథలు ఇంకా పెరిగాయి. దయ్యాలు ఉన్నాయో లేవో నాకు అనవసరం. ఒక్కటి మాత్రం నిజం: పోయినవాళ్ల పేర్లు సరిగ్గా రాసిపెట్టి, శవాలను ఇళ్లకు పంపి, తప్పెవరిదో తేల్చి ఉంటే ఆ గోడలు ఇన్నేళ్లు మూలిగేవి కావు. రిజిస్టర్ చేయాల్సిన పని దయ్యాల కథ చేస్తోంది.

అందుకే అన్నలారా, తమ్ముళ్లారా, రాత్రి కాంక్రీటుకి ఎక్కే ముందు స్కాఫోల్డింగ్‌కి పచ్చ ట్యాగ్ ఉందా చూడండి. ఆ షిఫ్టు హాజరులో మీ పేరు పడిందా అడగండి. ఫోర్‌మన్ విసుక్కున్నా సరే, అడగండి.