డచ్చివాళ్ల చర్చిలు ఎందుకు ఖాళీ అయ్యాయి?

నెదర్లాండ్స్ నుంచి సెలవులకు అత్తిమంజేరిపేట వచ్చినప్పుడల్లా సంఘ పెద్దలు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "ఆ దేశంలో చర్చిలు అమ్మేస్తున్నారంట గదా, నిజమేనా?"

నిజమే. మాస్త్రిఖ్ట్ ఊళ్లో 13వ శతాబ్దం నాటి చర్చి ఇప్పుడు పుస్తకాల అంగడి. ఆర్నెమ్‌లో ఇంకో చర్చి లోపల కుర్రాళ్లు స్కేటింగ్ చేశారు. 2017లో నెదర్లాండ్స్ గణాంక సంస్థ లెక్క తీస్తే, మాకు ఏ మతమూ లేదన్నవాళ్లు మొదటిసారి సగం దాటారు. ఇది విని మనవాళ్లు, అక్కడి సర్కారు దేవుణ్ణి తరిమేసిందని తీర్పు చెప్పేస్తారు. నేను ఒప్పుకోను. జరిగింది వేరే.

ముందు మనకూ డచ్చివాళ్లకూ ఉన్న చుట్టరికం చెప్పాలి. వేలూరు, చిత్తూరు, మదనపల్లె పక్క బళ్లూ ఆసుపత్రులూ పెట్టిన ఆర్కాటు మిషన్ 1853లో మొదలైంది. దాన్ని నడిపింది అమెరికాకు వలసపోయిన డచ్చివాళ్ల రిఫార్మ్డ్ చర్చి. 1867 దాకా ఆ చర్చి పేరులో 'డచ్' అని ఉండేది కూడా. వేలూరు ఆసుపత్రి కట్టిన ఐడా స్కడర్ ఆ మిషన్ ఇంటి బిడ్డే.

నెదర్లాండ్స్‌లోని డచ్చివాళ్లు 1568లో తమను ఏలే కేథలిక్కు రాజు, స్పెయిన్ ఫిలిప్ మీద తిరగబడ్డారు. 1579లో ఉట్రెఖ్ట్‌లో చేసుకున్న ఒప్పందంలో, మతం పేరుతో ఎవరినీ వేధించరాదని రాసుకున్నారు. ఆ కాలానికి అది పెద్ద మాటే. అయితే నమ్మకం వరకే స్వేచ్ఛ, బహిరంగ ఆరాధన మాత్రం రిఫార్మ్డ్ ప్రొటెస్టంట్లది. ఆమ్‌స్టర్‌డామ్‌లో కేథలిక్కులు ఇళ్లల్లో దాక్కుని పూజ చేసుకున్నారు. కాలవ ఒడ్డున అలాంటి ఇల్లొకటి ఇప్పుడు మ్యూజియంగా ఉంది. వీధిలోంచి చూస్తే మామూలు వర్తకుడి ఇల్లు. ఇరుకు మెట్లెక్కి పైకి పోతే, మూడు అటకలు కలిపి 1663లో కట్టిన నిండు చర్చి కనిపిస్తుంది. ప్రసంగ వేదికకు చోటు చాలక, దాన్ని బలిపీఠం స్తంభంలోకి మడిచి పెట్టారు. నగర అధికారికి తెలియదా అంటే, తెలుసు. డబ్బు తీసుకుని ఊరుకునేవాడు. మన జనానికి దీన్ని విడమరచి చెప్పనక్కర్లేదు.

అదే కాలంలో మన జిల్లా తూర్పు కొసన, పళవేర్కాడులో డచ్చివాళ్ల ఈస్టిండియా కంపెనీ కోట ఉండేది. అక్కడ పాస్టరుగా ఉన్న అబ్రహాం రోజీరియస్ పద్మనాభుడనే బ్రాహ్మణుడి దగ్గర కూర్చుని మన ఆచారాలు నేర్చుకుని పుస్తకం రాశాడు. భర్తృహరి పద్యాలు యూరపు భాషలోకి మొదట పోయింది అందులోనే, 1651లో. కోటలో ఆదివారం కీర్తనలు పాడిన ఆ కంపెనీయే, అదే రేవు నుంచి వేలమందిని బానిసలుగా బటావియాకు (నేటి జకార్తాకు) ఓడలెక్కించింది. విశ్వాసం నిలబెట్టుకోవడమంటే ఏమిటో మాట్లాడేవాళ్లు ఈ సంగతి దాటేయకూడదు. బానిసత్వానికి ఈ దేశపు రాజు 2023 జూలై 1న క్షమాపణ చెప్పాడు.

ఇక నెదర్లాండ్స్‌లో 1796లో చర్చినీ రాజ్యాన్నీ విడదీశారు. దాన్ని విశ్వాసులకు మేలుగా మలిచినవాడు ఒక పాస్టరు, అబ్రహాం కైపర్. 1879లో పార్టీ పెట్టాడు, 1880లో విశ్వవిద్యాలయం పెట్టాడు, 1901లో ప్రధాని అయ్యాడు. దేవుడే అన్నిటికీ ప్రభువు గనక చర్చి మీద సర్కారూ, సర్కారు మీద చర్చీ పెత్తనం చేయకూడదన్నది ఆయన వాదం. 1917లో రాజ్యాంగం మార్చి, మత బళ్లకూ ప్రభుత్వ బళ్లతో సమానంగా డబ్బు ఇచ్చారు. మా పాప చదివే క్రైస్తవ బడి ఖర్చు ఇప్పటికీ సర్కారుదే.

అక్కడే చిక్కు మొదలైంది. మన ఊళ్లలో ఒకప్పుడు వీధికో బావి ఉన్నట్టు, ఇక్కడ కేథలిక్కులకూ ప్రొటెస్టంట్లకూ సోషలిస్టులకూ బడి వేరు, పత్రిక వేరు, రేడియో వేరు, కార్మిక సంఘం వేరు. 1954లో కేథలిక్కు బిషప్పులు, సోషలిస్టు కార్మిక సంఘంలో చేరినవాళ్లకు సంస్కారాలు ఇవ్వబోమని లేఖ రాశారు. 1960లలో ఈ అడ్డుగోడలు కూలడం మొదలైంది. ఇంటింటికీ టీవీ వచ్చింది, కష్టకాలంలో ఆదుకునే పని సర్కారు తీసుకుంది, పక్క వీధివాడు చెడ్డవాడు కాడని తెలిసింది. సర్కారు ఏ చర్చికీ తాళం వేయలేదు. గోడ చూసుకుని లోపల కూర్చున్నవాళ్లు గోడ పోగానే లేచి వెళ్లారు, అంతే.

మిగిలినవాళ్లు మాత్రం గట్టివాళ్లు. 2018 అక్టోబరు 26న హేగ్‌లోని బేతేలు చర్చి ఒక ఆర్మేనియా కుటుంబాన్ని దేశం నుంచి పంపేయకుండా కాపాడటానికి ఆరాధన మొదలుపెట్టింది. ఆరాధన నడుస్తుండగా పోలీసులు లోపలికి రాకూడదని ఇక్కడి చట్టం. కాబట్టి ఆపలేదు. దేశం నలుమూలల నుంచి వందలమంది పాస్టర్లు వంతులేసుకుని 96 రోజులు రాత్రింబగళ్లు నడిపారు. చివరికి ప్రభుత్వం మెత్తబడింది. సెక్యులర్ దేశపు చట్టమే వాళ్లకు అండ.

నేను ఒప్పుకోలేని చట్టాలూ ఉన్నాయి. 2002 నుంచి ఇక్కడ నయంకాని బాధలో ఉన్నవాళ్లు డాక్టరు సాయంతో చనిపోవచ్చు. నాతో పనిచేసే ఒకాయన తండ్రి అలా తేదీ పెట్టుకుని, ముందు రోజు నన్ను కాఫీకి పిలిచాడు. వెళ్లాను. వాదించలేదు. ప్రార్థన చేయనా అని అడిగాను, చేయమన్నాడు. తెలుగులో చేశాను. అది సరైనదేనా అని మన అయ్యగారిని అడిగితే, ఆయన చాలాసేపు ఆలోచించి, "నేనైనా వెళ్లేవాణ్ణే" అన్నారు.

చదువులకు పిల్లల్ని పంపే తల్లిదండ్రులకు ఒక మాట. ఇక్కడ మీ వాణ్ణి చర్చికి పోవద్దని ఎవరూ అనరు, పోలేదేమని కూడా ఎవరూ అడగరు. క్యాంటీన్‌లో తలొంచి ప్రార్థిస్తే మాత్రం, పక్కనున్న కుర్రాడు "నిజంగా నమ్ముతావా, ఎందుకు?" అంటాడు, వెక్కిరింపుకు కాదు, తెలుసుకోవాలని. ఆ ప్రశ్న విమానం ఎక్కకముందే మీరే ఒకసారి వేయండి. జవాబు రాకపోతే తిట్టకుండా, కలిసి కూర్చుని మాట్లాడండి.