వీడీఆర్ఎల్ రియాక్టివ్ - ఓ పాత జబ్బు కథ

కొన్నేళ్ళ కిందటి సంగతి. ఆఫీసులో నా పక్క క్యూబికల్ కుర్రాడు మధ్యాహ్నం ఫోన్ చేసి, "అన్నా, ఒక్కసారి బంజారా హిల్స్ రాగలవా? కారు నడపలేను" అన్నాడు. ఏ యాక్సిడెంటో అనుకుని పరిగెత్తాను. ఓ ల్యాబు ముందు కారులో కూచుని ఉన్నాడు, చేతిలో కాగితం. వాళ్ళావిడకి మూడో నెల. గర్భిణులకి మొదట్లో చేసే రక్తపరీక్షల రిపోర్టు అది. హిమోగ్లోబిన్, షుగరు, థైరాయిడ్ అన్నీ బాగానే ఉన్నాయి. చివర్లో మాత్రం "వీడీఆర్ఎల్: రియాక్టివ్ 1:2" అని ఉంది. కౌంటర్లో అమ్మాయి ఏమీ చెప్పలేదు గానీ మొహం తిప్పుకుందిట. మనవాడు ఊరుకోడుగా, గూగుల్ చేశాడు. గూగుల్ సిఫిలిస్ అంది.

సాయంత్రానికి ఆ మాట వాళ్ళమ్మగారి చెవిన పడింది. ఆవిడ కొడుకుని ఒక్క మాట అడగలేదు. కోడల్ని అడిగింది, "పెళ్ళికి ముందు ఏ హాస్టల్లో ఉన్నావమ్మా?" అని. డాక్టరమ్మ భార్యాభర్తలిద్దరికీ ఇంకో పరీక్ష రాస్తే, "వాడికెందుకు?" అని కూడా అంది.

నాలుగు రోజుల తర్వాత ఆ రెండో పరీక్ష ఫలితం వచ్చింది. దాని పేరు టీపీహెచ్ఏ. ఇద్దరికీ నెగటివ్. అంటే మొదటిది ఉత్తుత్తి అలారం. ఈ నాలుగు రోజులూ మావాడు నిద్రపోలేదు, వాడికి ధైర్యం చెప్పే నెపంతో నేనూ పోలేదు. రాత్రుళ్ళు కూచుని ఈ జబ్బు చరిత్ర చదవడం మొదలెట్టాను. బగ్ ఎక్కడుందో తెలియాలంటే కోడు ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చూడాలి కదా.

ముందు ఆ పరీక్ష సంగతే చూద్దాం. వీడీఆర్ఎల్ అనేది రోగం పేరు కాదు, అమెరికాలో 1940లలో దాన్ని తయారుచేసిన ప్రయోగశాల పేరు. దాని వెనక పెద్ద కథ ఉంది. 1905లో బెర్లిన్‌లో షౌడిన్, హాఫ్‌మన్ అనే ఇద్దరు సిఫిలిస్ క్రిమిని మైక్రోస్కోపులో పట్టుకున్నారు. ట్రెపొనీమా పాలిడం దాని పేరు. కార్కుస్క్రూలా మెలికలు తిరిగి, మామూలు రంగులకి లొంగనంత సన్నగా ఉంటుంది. మరుసటేడు వాసర్‌మన్ రక్తపరీక్ష కనిపెట్టాడు. ఈ జబ్బుతో చనిపోయిన పిండాల కాలేయం నుంచి తీసిన పదార్థం రోగి రక్తంతో చర్య జరిపితే, రక్తంలో ఆ క్రిమికి విరుగుడు ఉన్నట్టే అని ఆయన లెక్క. కొన్నాళ్ళకి తేలిందేమిటంటే, ఆరోగ్యంగా ఉన్న గుండె కండరం నుంచి తీసినా పరీక్ష పనిచేస్తోంది! అంటే అది క్రిమిని పట్టుకోవడం లేదు. జబ్బు వల్ల దెబ్బతిన్న కణాల కొవ్వు మీద మన ఒంట్లో పుట్టే యాంటీబాడీని పట్టుకుంటోంది. 1941లో మేరీ పాంగ్‌బోర్న్ ఆ కొవ్వుని ఎద్దు గుండె నుంచి శుద్ధిచేసి కార్డియోలిపిన్ అని పేరు పెట్టింది. ఈనాటి వీడీఆర్ఎల్‌లోనూ ఉన్నది అదే.

మన భాషలో చెప్పాలంటే సర్వర్‌లోకి ఎవడో చొరబడ్డాడా అని నేరుగా చూడకుండా సీపీయూ వాడకం పెరిగిందా అని చూడటం. చొరబడితే పెరుగుతుంది, నిజమే. కానీ రాత్రి బ్యాకప్ నడిచినా పెరుగుతుంది. మలేరియా, కుష్ఠు, లూపస్, కొన్నిసార్లు ఉత్త గర్భం కూడా ఈ పరీక్షని రియాక్టివ్ చేస్తాయి. అంచేత రెండో పరీక్ష. టీపీహెచ్ఏ ఆ క్రిమి మీద పుట్టే యాంటీబాడీల కోసమే వెతుకుతుంది. మరి మొదటే అది చేస్తే పోలా? ఒకసారి జబ్బు వచ్చి నయమైనా టీపీహెచ్ఏ సాధారణంగా జీవితాంతం పాజిటివ్‌గానే ఉంటుంది. వీడీఆర్ఎల్ అంకె మాత్రం మందు పనిచేస్తే 1:64 నుంచి 1:16కి, అలా కిందకి దిగుతుంది. ఒకటి ఉందా లేదా అని చెబుతుంది, ఇంకొకటి తగ్గుతోందా అని చెబుతుంది. రెండూ కావాలి.

ఇంకో చిన్న లెక్క. ఊరికే అనుకుందాం, పదివేలమందిలో 30 మందికే జబ్బు ఉంది, పరీక్ష నూటికి ఒక్కసారే తప్పు చెబుతుంది. ఆ 30 మందీ దొరుకుతారు, వాళ్ళతోపాటు దాదాపు వందమంది ఏ జబ్బూ లేనివాళ్ళూ దొరుకుతారు. రియాక్టివ్ అని వచ్చినవాళ్ళలో నలుగురిలో ముగ్గురికి ఏమీ లేదన్నమాట. ఇంజనీరింగులో ప్రాబబిలిటీ పేపరు రాసి పాసైనవాళ్ళమే అందరం. కారులో కూచున్నప్పుడు మా ఇద్దరిలో ఒక్కడికీ ఇది తట్టలేదు.

ఇక "వాడికెందుకు?" అన్న మాట. దానికి చాలా చరిత్ర ఉంది, అదీ మన సికింద్రాబాద్‌లోనే. 1864లో కంటోన్మెంట్ చట్టం, 1868లో అంటురోగాల చట్టం తెచ్చారు తెల్లదొరలు. పేరు చూసి కలరా, మశూచి అనుకునేరు, సదరు చట్టం సుఖవ్యాధుల గురించి. కంటోన్మెంట్లలో లాక్ హాస్పిటల్ అని పెట్టారు. మద్రాసు సైన్యం కింద ఉన్న సికింద్రాబాద్‌లోనూ ఒకటి నడిచింది. వేశ్యలుగా ముద్రపడ్డ ఆడవాళ్ళు పేరు నమోదు చేయించుకోవాలి, నిర్ణీత గడువుల్లో వచ్చి పరీక్ష చేయించుకోవాలి, జబ్బు ఉందని తేలితే తగ్గిందనే దాకా ఆసుపత్రి దాటి వెళ్ళకూడదు. సోల్జర్లకి ఇవేవీ లేవు. అప్పటికి క్రిమీ తెలీదు, రక్తపరీక్షా లేదు. కంటితో చూసి చెప్పడమే. పైగా ఆడవాళ్ళలో మొదటి పుండు లోపల ఉండి, నొప్పి లేకుండా, దానంతటదే మానిపోతుంది. మందేమో పాదరసం. నోట్లో లాలాజలం ధారకట్టడం, పళ్ళు ఊడటం దాని ఫలితాలు.

పోనీ, జబ్బన్నా తగ్గిందా? ఇంగ్లండులో జోసఫిన్ బట్లర్ వంటివాళ్ళ పోరాటంతో అక్కడి చట్టాలు 1886లో, ఇక్కడివి 1888లో రద్దయ్యాయి. 1895లో మన దేశంలోని బ్రిటిష్ సైనికుల్లో వెయ్యికి 522 సుఖవ్యాధి కేసులు ఆసుపత్రిలో చేరాయి. రద్దు చేయబట్టే ఇలా అయిందని సైన్యం గోల పెట్టి, 1897లో నిబంధనలు మళ్ళీ బిగించింది. అయితే చట్టాలు అమల్లో ఉన్న రోజుల్లోనూ సైన్యంలో జబ్బు పోలేదు. ఇద్దరి మధ్య తిరిగే రోగాన్ని ఒకరిలోనే వెతికితే ఎలా పోతుంది?

అదే 1897లో, అదే సికింద్రాబాద్‌లో, ఇంకో ఆర్మీ డాక్టరు దోమల్ని కోస్తున్నాడు. రోనాల్డ్ రాస్. ఆగస్టు 20న దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. బేగంపేటలో ఆ భవనం ఉంది, పాత ఎయిర్‌పోర్టు దగ్గర. బంజారా హిల్స్ నుంచి మావాణ్ణి ఇంటికి దింపుతూ దాని పక్కనుంచే పోయాం. నాకు మలేరియా కథ తెలుసుగానీ దీనికీ సిఫిలిస్‌కీ లింకుందని తెలీదు. ముదిరిన సిఫిలిస్ మెదడుకెక్కితే మనిషి పిచ్చివాడై, పక్షవాతంతో పోయేవాడు. 1917లో వియన్నాలో వాగ్నర్-యౌరెగ్ అనే డాక్టరు అలాంటి రోగులకి మలేరియా రోగి రక్తం ఎక్కించాడు. కావాలనే! విపరీతమైన జ్వరం వచ్చేది, క్రిమి కుదేలయ్యేది, తర్వాత క్వినైన్ ఇచ్చి మలేరియా తగ్గించేవాడు. కొందరు ఆ మలేరియాకే పోయారు. అయినా మిగతావాళ్ళలో చాలామంది కోలుకోవడంతో 1927లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. మలేరియాని పట్టుకున్నందుకు రాస్‌కి 1902లో, ఎక్కించినందుకు ఈయనకి పాతికేళ్ళ తర్వాత. డాక్టర్లు అంత తెగింపుకి దిగారంటే అప్పటి మందులెలా ఉండేవో ఊహించుకోండి. ఎర్లిచ్, హాటా కలిసి 1909లో కనిపెట్టిన "606" అంతకుముందు వాటికన్నా చాలా నయం, కానీ అదీ ఆర్సెనిక్కే.

మన దగ్గర అంతకుముందు ఏం చేసేవాళ్ళు? సవాయి, కొరుకు అని పేర్లుండేవి. పదహారో శతాబ్దపు భావప్రకాశంలో దీన్ని ఫిరంగ రోగం అన్నారు, ఫిరంగులంటే పోర్చుగీసువాళ్ళు. వైద్యం పాదరసం, పిరంగిచెక్క. జబ్బు పేరులోనూ పరాయివాడే, మందు పేరులోనూ పరాయివాడే :) ఏ దేశంవాడైనా దీన్ని పక్కదేశం ఖాతాలోనే రాశాడు లెండి. ఫ్రెంచివాళ్ళు నేపుల్స్ జబ్బన్నారు, ఇటలీవాళ్ళు ఫ్రెంచి జబ్బన్నారు.

అసలు మలుపు 1943. అమెరికాలో మహొనీ అనే డాక్టరు నలుగురు రోగులకి పెన్సిలిన్ ఇచ్చాడు. తగ్గిపోయింది. ఇన్నేళ్ళయినా ఈ క్రిమి పెన్సిలిన్‌కి ఎదురుతిరగడం నేర్చుకోలేదు. మిగతా బాక్టీరియా తీరు చూస్తే ఇది వింతే. దీని బలహీనత ఇంకోటుంది, చాలా నిదానంగా పెరుగుతుంది. ఒకటి రెండు కావడానికి ముప్పై గంటల పైనే పడుతుంది. పెన్సిలిన్ కణం విభజన జరిగేటప్పుడే దెబ్బకొడుతుంది కాబట్టి, మందు రక్తంలో రోజుల తరబడి ఉండాలి. అందుకే బెంజతీన్ పెన్సిలిన్. కండరంలో పొడిస్తే నెమ్మదిగా కరుగుతుంది. తొలిదశలో అయితే 24 లక్షల యూనిట్లు ఒక్కసారి, చాలాకాలంగా ఉన్నదైతే వారానికొకటి చొప్పున మూడు వారాలు. అంతే. గర్భిణికి సకాలంలో ఇస్తే బిడ్డనీ కాపాడుతుంది. ఇవ్వకపోతే గర్భం పోవచ్చు, బిడ్డ చనిపోయి పుట్టొచ్చు, పుట్టినా జబ్బుతో పుట్టొచ్చు. మొదటి నెలల్లోనే ఆ పరీక్ష రాసేది అందుకే. తప్పుడు అలారాలున్నాయని పరీక్షే మానేస్తామంటే అది శుద్ధ తెలివితక్కువ.

పెన్సిలిన్ పడనివాళ్ళకి (గర్భిణులకి కాదు) డాక్సీసైక్లిన్ ఇస్తారు. ఆ టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిది ఆరియోమైసిన్, 1948లో లెడర్లీ కంపెనీ నుంచి వచ్చింది. మట్టిలోంచి దాన్ని తీసింది డగ్గర్ అనే ముసలి వృక్షశాస్త్రవేత్త. అక్కడి పరిశోధనలన్నిటికీ డైరెక్టరు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఏడాది ఆగస్టులోనే ఆయన పోయారు. ఇక పెన్సిలిన్ ముడిసరుకు కోసం మనం చాలా ఏళ్ళు చైనా మీద ఆధారపడ్డాం. 2024 అక్టోబర్లో కాకినాడ దగ్గర అరబిందో వాళ్ళ పెన్సిలిన్-జి ఫ్యాక్టరీని ప్రారంభించారు.

వైద్యం ఇంత తేలికైతే జబ్బు ఎందుకు మిగిలింది? మొదటి పుండు నొప్పి పెట్టదు, మానిపోతుంది. కొన్ని వారాలకి అరచేతుల్లో, అరికాళ్ళలో దురద లేని మచ్చలు వస్తాయి, అవీ పోతాయి. పోయిందనుకుంటాం. డాక్టర్ సమరం గారు స్వాతిలో ఏళ్ళ తరబడి ఇలాంటివి విడమర్చి చెప్పారు. మా హాస్టల్లో ఆ పేజీ చదవనివాడు లేడు, చదివానని ఒప్పుకున్నవాడూ లేడు. ఫిల్మ్‌నగర్ పక్కనే ఉంది కాబట్టి ఇదీ చెప్పాలి: మన హీరోలకి కేన్సర్ వస్తుంది, బ్రెయిన్ ట్యూమర్ వస్తుంది, నేను చూసినంతలో ఒక్కడికీ ఇది రాలేదు. సర్కారు ఆసుపత్రుల్లో సురక్షా క్లినిక్కులు పెట్టి, లక్షణాన్ని బట్టి రంగురంగుల కిట్లిచ్చే పద్ధతి తెచ్చారు. పుండుకి తెల్ల కిట్టు, అందులో ఈ ఇంజక్షనే. మనవాళ్ళు మాత్రం పరువు పోతుందని అటు వెళ్ళరు, గోడల మీద గ్యారంటీ వైద్యుడికి వేలు పోస్తారు.

గ్రీన్‌కార్డుకి వెళ్ళేవాళ్ళకో మాట. అక్కడి మెడికల్లో 18 నుంచి 44 ఏళ్ళవాళ్ళకి ఈ పరీక్ష ఉంది. రియాక్టివ్ వస్తే కంగారుపడి రాత్రంతా గూగుల్ చెయ్యకండి. నిర్ధారణ పరీక్ష చేస్తారు. నిజంగా ఉన్నా, మందు తీసుకుని కాగితం చూపిస్తే కార్డుకి అడ్డం రాదు.

మావాళ్ళకి పాప పుట్టింది, చక్కగా ఉంది. వాళ్ళమ్మగారే పెంచుతున్నారు. హాస్టల్ ప్రశ్న సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. ఓసారి పాత కాగితాలు పారేస్తూ మావాడు ఆ మొదటి రిపోర్టు చింపబోతే, వాళ్ళావిడ లాక్కుని మళ్ళీ ఫైల్లో పెట్టిందిట, టీపీహెచ్ఏ రిపోర్టుతో కలిపి పిన్ను కొట్టి.