సెలయేటి తిరగలికి మళ్లీ గింజలు

విద్యుత్తు లేదు, డీజిలు అక్కరలేదు. కొండవాగు నీరు దోనెలో జారితే చాలు, రాతి తిరగలి తిరిగి పిండి రాలుతుంది. హిమాలయ సానువుల గ్రామాలకు తరతరాలుగా పిండి మరగా ఉపయోగపడిన ఈ నీటి తిరగలిని ఉత్తరాఖండ్‌లో ‘ఘరాట్’ అని, నేపాల్‌లో ‘ఘట్ట’ అని పిలుస్తారు. డీజిలు మరలు, కరెంటు మరలు రావడంతో మూలబడిన ఈ తిరగళ్లను బాగుచేసి మళ్లీ ఊరి వాడకంలోకి తెచ్చే పని అక్కడ దశాబ్దాలుగా సాగుతోంది. శిథిలమైన మరను నిలబెట్టడం ఒక ఎత్తు అయితే, దానికి మళ్లీ గింజల మూటలు వచ్చేలా చేయడం మరో ఎత్తు.

నీరు రాయిని తిప్పే తీరు

ఘరాట్ చూడటానికి చిన్న రాతి గది మాత్రమే. వాగుకు ఎగువన రాళ్లు పేర్చి కొంత నీటిని పిల్లకాలువలోకి మళ్లిస్తారు. ఈ కాలువ కొండవాలు వెంబడి దాదాపు మట్టంగా సాగుతుంది. వాగు మాత్రం కిందికి దిగిపోతుంది. ఆ రెండింటి మధ్య ఏర్పడే ఎత్తు తేడాయే మరకు బలం. కాలువ చివర, మాను తొలిచి చేసిన దోనెను ఏటవాలుగా అమరుస్తారు. దోనెలో జారిన నీరు వేగం పుంజుకుని, గది అడుగున నేలకు సమాంతరంగా ఉన్న కొయ్య చక్రం రెక్కలను తాకుతుంది. చక్రం మధ్య నిలువుగా నిలిపిన ఇరుసు, కింది రాతి రంధ్రం గుండా పైకి వచ్చి పై రాతిని తిప్పుతుంది. కింది రాయి కదలదు. పళ్ల చక్రాలు, బెల్టులు ఏవీ ఉండవు. చక్రం ఒక చుట్టు తిరిగితే రాయి కూడా ఒకే చుట్టు తిరుగుతుంది.

గింజలు పోసే బుట్ట రాతిపైన వేలాడుతూ ఉంటుంది. దానికి కట్టిన చిన్న కర్ర తిరిగే రాతిని ఆనుకుని ఉంటుంది. రాయి తిరుగుతున్నంతసేపూ కర్ర అదురుతుంది, ఆ అదురుకు గింజలు కొద్దికొద్దిగా తిరగలి కంట్లో పడతాయి. నీరు తగ్గి రాయి నెమ్మదిస్తే అదురూ తగ్గుతుంది, గింజలూ తగ్గుతాయి. పక్కన మనిషి లేకపోయినా మర తన మేతను తానే సరిచూసుకుంటుందన్నమాట. ఇరుసును మోసే దూలాన్ని కాస్త పైకెత్తితే రాళ్ల మధ్య సందు పెరిగి రవ్వ వస్తుంది, దించితే మెత్తని పిండి వస్తుంది. రాయి నిదానంగా తిరుగుతుంది కనుక పిండి అంతగా వేడెక్కదు. ఘరాట్ పిండి రొట్టె రుచి వేరని కొండవాసులు చెప్పడానికి కారణం ఇదే.

ఆడించినందుకు కూలి డబ్బు రూపంలోనే ఇవ్వనక్కరలేదు. పిండిలో కొంత భాగం మర నడిపేవారికి ఇచ్చే ఆనవాయితీ ఉంది. గోధుమలు, మొక్కజొన్నలతో పాటు అక్కడ ఎక్కువగా ఆడించేది ‘మండువా’. అది మరేదో కాదు, మన రాగులే. ఉత్తరాంధ్రలో చోళ్లు అంటాం.

ఎందుకు మూలబడ్డాయి?

సంప్రదాయ ఘరాట్‌కు ఒక బలహీనత ఉంది. బల్లపరుపు కొయ్య రెక్కలకు తగిలిన నీరు చాలావరకు చెదిరిపోతుంది. లెక్క వేస్తే విషయం తేటపడుతుంది. సెకనుకు 100 లీటర్ల నీరు 3 మీటర్ల ఎత్తు నుంచి పడితే అందులో సుమారు 3 కిలోవాట్ల శక్తి ఉంటుంది. అందులో నాలుగో వంతును మాత్రమే చక్రం అందుకుంటే దక్కేది ఒక్క హార్స్‌పవర్. గంటల తరబడి వేచి ఉండలేని జనం డీజిలు మర వైపు మళ్లారు. గిరాకీ పోయాక కాలువ పూడిక తీసేవారు కరవయ్యారు. కాలువ పూడితే మర ఆగిపోతుంది. చాలా ఊళ్లలో జరిగిన కథ ఇంతే.

డెహ్రాడూన్ కేంద్రంగా పనిచేసే హెస్కో సంస్థ ఈ బలహీనతపైనే దృష్టి పెట్టింది. దాని వ్యవస్థాపకుడు డాక్టర్ అనిల్ ప్రకాశ్ జోషికి 2006లో పద్మశ్రీ, 2020లో పద్మభూషణ్ లభించాయి. గదిని, రాళ్లను అలాగే ఉంచి, కొయ్య రెక్కల స్థానంలో దొప్ప ఆకారపు లోహపు రెక్కలు, ఇరుసు కింద బేరింగులు, దోనెకు బదులు గొట్టం అమర్చడం ఈ మెరుగుదలలోని సారం. అదే నీటిలో సగం శక్తి దక్కినా బలం రెట్టింపవుతుంది. పగలు పిండి ఆడి, రాత్రి చిన్న జనరేటర్‌ను తిప్పి దీపాలు వెలిగించేంత వెసులుబాటు కలుగుతుంది. కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ కూడా ఇలాంటి మరల మెరుగుదలకు ఆర్థిక సాయం అందించింది.

నేపాల్‌లో ఇదే పని చేసిన గ్రామీణ సాంకేతిక కేంద్రానికి 2007లో బ్రిటన్‌కు చెందిన ఆష్‌డెన్ పురస్కారం దక్కింది. గంటకు 10 నుంచి 20 కిలోలు ఆడే ఘట్ట, మెరుగుపరిచాక 20 నుంచి 50 కిలోల వరకు ఆడుతుందన్నది అక్కడి అనుభవం. మర దగ్గర నిరీక్షణ తగ్గడం వల్ల ఎక్కువ మేలు పొందింది మహిళలే.

చూడటానికి మిగిలిన మర

తెలుగు పాఠకులకు తెలిసిన నీటి తిరగలి ఔరంగాబాద్‌లోని పన్‌చక్కీ. ఆ నగరం పేరు ఇప్పుడు ఛత్రపతి శంభాజీనగర్. 1763లో రాజధాని హైదరాబాద్‌కు మారేవరకు అది అసఫ్‌జాహీల రాజధాని. 1956 వరకు ఆ జిల్లా హైదరాబాద్ రాష్ట్రంలోనే ఉండేది. బాబా షా ముసాఫిర్ దర్గా ఆవరణలో, ఫకీర్లకు, యాత్రికులకు పిండి సమకూర్చేందుకు ఈ మరను నెలకొల్పారు. కొన్ని కిలోమీటర్ల దూరంలోని కొండల నుంచి భూగర్భ కాలువలో వచ్చే నీరు ఎత్తయిన గోడ మీది నుంచి తొట్టిలోకి దూకుతుంది. ఆ తొట్టి అడుగు భాగమే కింది విశాలమైన మందిరానికి పైకప్పు. అద్భుతమైన నిర్మాణమే. అయితే నేడు అది యాత్రికులు చూసి వెళ్లే కట్టడం, ఊరి పిండి మర కాదు. కట్టడంగా కాపాడటం తప్పేమీ కాదు. కాని రోజూ గింజలు పడే మరను కాపాడేందుకు పదిమంది ముందుకు వస్తారు, ప్రదర్శన మరకు జీతగాడే దిక్కు.

కష్టం కాలువ దగ్గరే

మర బాగుచేయడంలో తేలికైన పని చక్రం మార్చడం. రాళ్లకు అప్పుడప్పుడు కక్కు కొట్టించాలి, లేకుంటే గింజ నలగదు. ప్రతి వర్షాకాలం తర్వాత అడ్డుకట్ట మళ్లీ పేర్చాలి, కాలువ పూడిక తీయాలి. 2013 జూన్‌లో ఉత్తరాఖండ్‌ను ముంచెత్తినటువంటి వరద వస్తే వాగు ఒడ్డున ఉన్న మరకే మొదటి ముప్పు. అన్నిటికన్నా చిక్కు నీటి పంపకం. మర నీటిని తాగేయదు, తిప్పుకొని తిరిగి వాగుకే వదులుతుంది. అయినా కాలువ పొడవునా వాగు ఎండుతుంది, ఆ మధ్యలో పొలం ఉన్న రైతు ఊరుకోడు. పగలు మరకు, రాత్రి మడికి అన్న ఒప్పందాన్ని ముందే కుదుర్చుకోవడం మేలు.

మన మన్యంలోనూ ఏడాది పొడవునా పారే వాగులున్నాయి, చోళ్లూ పండుతాయి. ఇలాంటి మర గురించి ఆలోచించే ఊరు ముందుగా చేయవలసింది మే నెలలో నీటిని కొలవడం. వానాకాలపు ఉధృతి చూసి మర కడితే వేసవిలో అది పిచ్చుకలకు గూడవుతుంది. వాగు నేరుగా పారే చోట వెడల్పు, సగటు లోతు మీటర్లలో కొలవాలి. ఒక కర్రముక్కను వదిలి, పది మీటర్లు ఎన్ని సెకన్లలో దాటిందో చూసి సెకనుకు ఎన్ని మీటర్లో తేల్చాలి. ఈ మూడింటినీ హెచ్చిస్తే సెకనుకు పారే నీరు ఘనపు మీటర్లలో వస్తుంది. పైనీటి వేగం అడుగు నీటి కన్నా ఎక్కువ కనుక వచ్చిన అంకెలో అయిదో వంతు తగ్గించుకోవాలి. అడుగున బండరాళ్లు ఎక్కువగా ఉంటే ఇంకాస్త తగ్గించాలి. ఘనపు మీటరు అంటే వెయ్యి లీటర్లు.