రాతిలో ఇనుము నిలిచిన చరిత్ర



ఈ సాయంకాలము నేను మనవి చేయబోవునది రాజుల చరిత్ర కాదు. బొటనవ్రేలంత లావుగల ఇనుప బోల్టు చరిత్ర. మీలో పెక్కుమంది బావిగట్టున ఆయిలింజను నిలుపుకొన్నవారే. ఇంజను పాదముల క్రింది కాంక్రీటు దిమ్మెయు, ఆ దిమ్మెనుండి తలయెత్తిన నాలుగు బోల్టులును మీ కెఱుకపడినవే. మేస్త్రీలు వానిని ఫౌండేషను బోల్టు లందురు. కాంక్రీటులో ముందుగా పాతినను, గట్టిపడిన పిదప కన్నము తొలిచి నిలిపినను, ఇంజనీర్లు వాని నన్నిటిని ఆంకరు బోల్టు లందురు. ఆంకరనగా ఓడ లంగరు. ఆ పేరు తగియే యున్నది. లంగరు నేలను విడిచిన ఓడ యేమగునో, బోల్టు కన్నమును విడిచిన యంత్రమును అదే యగును.

నా బాల్యమున ఇది కన్నులార చూచితిని. మా తండ్రిగారు పాత దిమ్మెమీద క్రొత్త ఇంజను పెట్టించిరి. పాత బోల్టులు దాని పాదములకు కుదురలేదు. ఒక మేస్త్రి ఉలితో నాలుగు కన్నములు తొలిచి, బోల్టులు దింపి, సిమెంటుపాలు పోసి పోయెను. రెండు నెలలు గడువక మునుపే ఒక బోల్టు పైకి లేచినది. చేతితో లాగగా ఊడి వచ్చినది. ఇనుము వంగలేదు, మరలు చెడలేదు. చుట్టును సిమెంటు ఒరవలె చెక్కుచెదరక యున్నది. ఆ ఒరమీద మాత్రము సన్నని బూడిదరంగు పొడి కానవచ్చినది. ఊరిలోని ముదుసలి రాతిపనివాడొకడు వచ్చి, కన్నములో వ్రేలు పెట్టి త్రిప్పి, ఆ వ్రేలిని మా తండ్రిగారికి చూపి, “చూశారా బాబూ, సిమెంటు పట్టుకొన్నది రాతిని కాదు, దుమ్మును” అనెను.

ఆ మాట నన్ను విడువలేదు. తరువాత నేను చదివిన గొప్ప కట్టడముల చరిత్రలలోను అదే మాట పలుమారులు వినబడినది. కంటికి కనబడునది ఇనుము, బరువు మోయునది కన్నములోని పట్టు. మనుష్యుడు కనబడుదానిని కొలిచి, కనబడనిదానిని మఱచినప్పుడెల్ల నష్టపడినాడు.

ఈ విద్య మిక్కిలి ప్రాచీనము. గ్రీసు దేశమున ఏథెన్సు నగరములోని పార్థెనాన్ ఆలయమును క్రీ. పూ. 447 మొదలు 432 వఱకు కట్టిరి. ఆ చలువరాళ్ల నడుమ సున్నము లేదు. ఇనుప బందులతో రాతిని రాతికి కూర్చి, బందు చుట్టును కరగిన సీసము పోసిరి. సీసము సందును పూర్తిగా నింపును, నీటిని ఇనుము దరి చేరనీయదు. రెండువేల యేండ్లు గడచినను ఆ బందులలో పెక్కులు త్రుప్పు పట్టలేదు. ఇరువదవ శతాబ్ది తొలి దశాబ్దములలో నికొలావోస్ బలానోస్ అను ఇంజనీరు ఆ యాలయమును మరమ్మతు చేయించుచు క్రొత్త యినుప బందులు వేయించెను గాని, సీసపు కవచమును విడిచిపెట్టెను. ఇనుము త్రుప్పుపట్టిన తన మునుపటి పరిమాణమునకు పెక్కురెట్లు ఉబ్బును. ఆ యుబ్బునకు చలువరాళ్లు పగిలినవి. ఆ బందులను తీసివేసి, వాని స్థానమున త్రుప్పుపట్టని టైటానియము లోహమును వేయు పని 1980వ దశకమునుండి సాగినది. పూర్వు లెఱిగినదానిని మఱచిన తప్పును దిద్దుటకు తరువాతివారు దశాబ్దములు శ్రమింపవలసి వచ్చినది.

ఇక కాంక్రీటు కాలమునకు వత్తము. ఇంగ్లండులో జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లాండు సిమెంటునకు పేటెంటు పొందెను. యంత్రములు పెరిగిన కొలది, కొన వంచిన బోల్టును ముందుగా నిలిపి, దానిచుట్టు కాంక్రీటు పోయుట వాడుకైనది. ఇది నేటికిని మేలైన పద్ధతి. అయితే కట్టి ముగించిన గోడకు పిదప ఏదైన తగిలింపవలసినచో నేమి చేయుట? పూర్వము పెద్ద కన్నము తొలిచి కొయ్యముక్క దిగగొట్టెడివారు. కొయ్య యెండి కుంచించుకొని పోవును, మేకు వదులగును. లండనులో జాన్ జోసెఫ్ రాలింగ్స్ అను కంట్రాక్టరునకు బ్రిటిషు మ్యూజియము గోడలకు, అవి చెడకుండ, విద్యుత్ సామగ్రి తగిలింపవలసిన పని పడెను. అతడు 1911 ప్రాంతమున జనపనారతో చిన్న గొట్టము చేసి, కన్నములో నుంచి, అందులోనికి మరమేకు త్రిప్పెను. మేకు దిగిన కొలది గొట్టము ఉబ్బి గోడను ఒరసికొని పట్టినది. మన యింట విద్యుత్ పనివాడు గోడలో పెట్టు ప్లగ్గు దాని సంతతియే. 1958లో జర్మనీ దేశీయుడు ఆర్టూర్ ఫిషర్ దానిని నైలానుతో చేసెను. బిగించిన కొలది విచ్చుకొను ఇనుప బోల్టులకును ఇదే సూత్రము. ఆ శతాబ్ది ఉత్తరార్ధమున మూడవ పద్ధతియు వ్యాపించినది. కన్నములో రసాయనపు జిగురు నింపి బోల్టును అతికింతురు.

బోల్టు కాంక్రీటును పెకలించుకొని యెట్లు వచ్చునో ఇంజనీర్లు ప్రయోగములు చేసి చూచిరి. అది ఒంటిగా రాదు, గరాటు ఆకారమున కాంక్రీటు ముద్దను వెంటబెట్టుకొని వచ్చును. ఆ గరాటు వెడల్పు బోల్టు లోతునకు సుమారు మూడురెట్లు. కావున దిమ్మె అంచునకు దగ్గరగా బోల్టు పెట్టిన గరాటు సగము తెగిపోవును, పట్టును తగ్గును. రెండు బోల్టులు మరీ చేరువగా నున్న ఒకదాని గరాటును మఱియొకటి పంచుకొనును. లోతు రెండింతలైన పట్టు రెండింతలతో నాగదు, సుమారు రెండు ముప్పాతిక రెట్లకు మించును. లావైన బోల్టు కొని లోతు తగ్గించుట రూకలు పోసి బలహీనతను కొనుటయే.

ఇంత తెలిసిన కాలమునను ప్రాణములు పోయినవి. అమెరికాలోని బోస్టను నగరమున ఒక రహదారి సొరంగమును 2003లో తెరచిరి. గాలి రాకపోకలకై దాని కప్పు క్రింద కాంక్రీటు పలకలు వ్రేలాడదీసిరి. వాని బరువును జిగురుతో అతికించిన బోల్టులు మోసినవి. బోల్టు మందము అంగుళములో ఎనిమిదింట ఐదు పాళ్లు, లోతు 5 అంగుళములు. 2006 జూలై 10వ తేదీ రాత్రి సుమారు 26 టన్నుల పలకలు ఒక కారుపై కూలినవి. భర్తప్రక్కన కూర్చున్న స్త్రీ మరణించెను. ఏడాదికి వెలువడిన ప్రభుత్వ విచారణ సంఘము నివేదిక కారణమును తేల్చెను. వాడిన జిగురు త్వరగా గట్టిపడు జాతిది, నిరంతరపు బరువునకు మెల్లమెల్లగా సాగును. పీపాలోని తారును సుత్తితో కొట్టిన రాతివలె పగులును, అదే పీపాను ప్రక్కకు పండబెట్టిన మెల్లగా కారును. ఆ జిగురు స్వభావమును అట్టిదే. నిలిపిననాడు కొంతసేపు లాగి పరీక్షించిరి, నిలిచినది. ఏండ్లతరబడి లాగు బరువును ఆ పరీక్ష యెట్లు చూపగలదు? కట్టుబడి సాగుచున్న 1999లోనే మఱియొక భాగమున బోల్టులు క్రిందికి జారుట కనుగొనిరి. వానిని మార్చిరి గాని, ఏల జారినవో తుదివఱకు శోధింపలేదు.

జపానులో ససాగో సొరంగమును 1977లో తెరచిరి. అచ్చటను పైకప్పు పలకలను జిగురు బోల్టులే మోసినవి. 2012 డిసెంబరు 2వ తేదీ ఉదయము నూరు మీటర్లకు పైబడిన మేర పలకలు కూలి తొమ్మండుగురు మృతి చెందిరి. ఆ సెప్టెంబరులోనే సొరంగమును తనిఖీ చేసిరి. కాని ఎత్తుననున్న బోల్టులను దరిచేరి సుత్తితో తట్టి చూడలేదు. ఆ పిదప 2014నుండి జపాను ప్రభుత్వము వంతెనలను, సొరంగములను అయిదేండ్లకొకమారు దగ్గరనుండి పరీక్షింపవలెనని నియమించినది.

పెద్దలారా, సొరంగములు మన యూరిలో లేకున్నను, పాఠశాలలో పంకా కొక్కెమును, నీళ్లతొట్టి నిచ్చెనయు, పంపు దిమ్మెయు ఉన్నవి. ఆ పని జరుగునాడు మీరు ప్రక్కన నిలిచి నాలుగు ప్రశ్నలు వేయుడు. కన్నము ఊది, కుంచెతో తోమి, మరల ఊదితివా? అంచునకు ఎంత దూరము, లోతెంత? ఈ జిగురు నిరంతరము వ్రేలాడు బరువునకు తగినదని పెట్టెమీద వ్రాసియున్నదా? గట్టిపడుటకు ఎన్ని గంటలు ఆగవలెను? విసుగుకొను మేస్త్రి విసుగుకొననిండు. బిగించిన పిదప కన్నము కనబడదు, అడుగుటకు అదొక్కటే సమయము. ఏడాదికొకమారు పానాతో నట్టును, సుత్తితో బోల్టును పలుకరింపుడు. ఒక బోల్టు కదలెనేని మార్చుటతో తృప్తిపడక, ఏల కదలెనో తెలిసికొనుడు.

మా బావికడ ఆ ముదుసలి నాలుగు కన్నములను తానే కడిగి, కొబ్బరిపీచుతో తోమి, తడియారక మునుపే సిమెంటు పోసెను. ఏడు దినములు ఇంజను ముట్టవలదనెను. మా తండ్రిగారు, పైరు ఎండుచున్నను, ఆగిరి. ఆ ఇంజను పదునెనిమిదేండ్లు నడచినది. దానిని అమ్మిన దినమున ఆ బోల్టులను ఊడదీయలేక రంపముతో కోయవలసి వచ్చినది.