అసలు దోషి ఎవరు?

నేరం జరిగిన ప్రతి చోటా ఒకే మనిషి కనిపిస్తున్నాడనుకోండి. అంతమాత్రాన అతణ్ణే దోషి అనగలమా? గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ విషయంలో ఒక పరాన్నజీవి చాలా ఏళ్ళు ఇలాగే అనుమానానికి గురైంది.

1836లో పారిస్ వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ డోనె రోగుల యోనిస్రావాన్ని సూక్ష్మదర్శిని కింద పరీక్షించాడు. చురుగ్గా ఈదుతున్న ఏకకణ జీవులు కనిపించాయి. అవే ట్రైకోమోనాస్ వజైనాలిస్. పరిమాణం ఇంచుమించు తెల్లరక్తకణమంత. ముందువైపు నాలుగు కశాభాలు, పక్కన అలలా కదిలే పల్చటి పొర ఉంటాయి. ఇది లైంగిక సంపర్కం ద్వారా వ్యాపిస్తుంది. కొందరు స్త్రీలలో దురద, మంట, దుర్వాసనతో కూడిన తెల్లబట్ట కలుగుతాయి. చాలామందిలో, ముఖ్యంగా పురుషులలో, ఏ లక్షణమూ కనిపించదు.

1842లో ఇటలీలో రిగోనీ స్టెర్న్ అనే వైద్యుడు వెరోనా నగర మరణాల లెక్కలు పరిశీలించాడు. గర్భాశయ క్యాన్సర్ వివాహిత స్త్రీలలో ఎక్కువగానూ, సన్యాసినులలో చాలా అరుదుగానూ ఉంది. అంటే లైంగిక సంపర్కంతో ఈ వ్యాధికి ఏదో సంబంధం ఉండాలి. మరి ఒకరి నుంచి మరొకరికి చేరుతున్నదేమిటి?

పాపనికొలావ్ రూపొందించిన పాప్ పరీక్ష 1940ల తర్వాత వాడుకలోకి వచ్చాక అనుమానం ట్రైకోమోనాస్ వైపు మళ్ళింది. ఈ జీవి ఉన్న స్లైడ్లలో మార్పుచెందిన కణాలు కూడా తరచు కనిపించేవి. అయితే ఇక్కడొక చిక్కుంది. పరాన్నజీవి కలిగించే వాపు వల్ల కూడా కణాల రూపం మారుతుంది. ఆ మార్పులన్నీ క్యాన్సర్‌కు తొలిమెట్టు కావు.

ఈలోగా జర్మనీలో హెరాల్డ్ జుర్ హౌసెన్ బృందం ఈ క్యాన్సర్ కణితుల్లో హ్యూమన్ పాపిలోమా వైరస్ 16వ రకాన్ని 1983లో, 18వ రకాన్ని 1984లో గుర్తించింది. అసలు దోషి దొరికింది. ఈ కృషికి ఆయన 2008లో నోబెల్ బహుమతి అందుకున్నారు.

మరి పరాన్నజీవి నిర్దోషేనా? 1994లో 24 అధ్యయనాలను కలిపి విశ్లేషించినప్పుడు, ట్రైకోమోనాస్ ఉన్నవారిలో ముఖద్వార కణాల అసహజ పెరుగుదల దాదాపు రెట్టింపుగా కనిపించింది. దీనికి రెండు వివరణలున్నాయి. ఒకటి, వైరస్, పరాన్నజీవి ఒకే దారిన వస్తాయి కాబట్టి ఒకే మనిషిలో కలిసి కనిపించవచ్చు. రెండు, పరాన్నజీవి ముఖద్వారపు పైపొరను గాయపరచి, వైరస్ చొరబాటును సులభం చేస్తూ ఉండవచ్చు. ఈ రెండింటిలో దేని వాటా ఎంత అన్నది తేల్చడం కష్టం. కలిసి ఉండటం వేరు, కారణం కావడం వేరు.

ఇక మన దేశానికి వద్దాం. సూరత్ చీరలకు, వజ్రాల సానకు పేరుపొందిన నగరం. ఎందరో తెలుగు నేతకార్మికులకు ఉపాధి చూపిన ఊరు కూడా. 2000లో అక్కడ 118 మంది సెక్స్ వర్కర్లకు ప్రయోగశాల పరీక్షలు జరిపారు. 14.4 శాతం మందిలో ట్రైకోమోనాస్ బయటపడింది. లక్షణాలను మాత్రమే చూసి చికిత్స చేస్తే, బాధ తెలియని వారిలోని సుఖవ్యాధులు దాగిపోతాయని ఈ అధ్యయనం స్పష్టం చేసింది.

దాగిన దానిని వెతికితే ఎంత ప్రయోజనమో మహారాష్ట్రలోని ఉస్మానాబాద్ జిల్లాలో తేలింది. అక్కడ 1,31,746 మంది స్త్రీలతో జరిపిన అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఒక్కసారి వైరస్ పరీక్ష చేసి, అవసరమైన వారికి చికిత్స అందించిన వర్గంలో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

కాబట్టి రెండు విషయాలు గుర్తుంచుకోండి. ట్రైకోమోనాస్‌ను మెట్రోనిడజోల్ మాత్రలు నయం చేస్తాయి. భాగస్వామికీ చికిత్స అందాలి, లేకుంటే వ్యాధి తిరిగి వస్తుంది. కానీ ఆ మాత్రలు వైరస్‌ను తొలగించలేవు. దానికి చిన్న వయసులోనే, 9 నుంచి 14 ఏళ్ళ మధ్య, టీకా వేయించుకోవాలి. ముప్ఫై దాటిన స్త్రీలకు పరీక్ష అవసరం. తెల్లబట్ట గురించి ఇంట్లో మాట్లాడటానికే సిగ్గుపడే అమ్మకు, పిన్నికి, అక్కకు ఈ సంగతి చెప్పవలసింది చదువుకుంటున్న మీరే.