క్వాంటం నాయకత్వం: ఉపమ నుంచి రూపకానికి

సంక్లిష్టమై, నిత్యం మారుతూ ఉండే సంస్థలను నడిపే తీరును వివరించడానికి పుట్టిన భావన ‘క్వాంటం నాయకత్వం’. దీని చరిత్ర ప్రధానంగా ఒక ఉపమానం స్థానంలో మరొకటి నిలిచిన చరిత్ర. కనుక ఇది అలంకారశాస్త్ర దృష్టితోనూ పరిశీలించదగినది.

1911లో ఫ్రెడరిక్ టేలర్ ప్రతిపాదించిన ‘శాస్త్రీయ నిర్వహణ’ పనిని భాగాలుగా విడదీసి, కొలిచి, నిర్దేశించింది. ఆ దృష్టిలో సంస్థ ఒక యంత్రం. 1900లోనే ప్లాంక్ క్వాంటం భావనను ప్రతిపాదించినా, 1927లో హైజెన్‌బర్గ్ అనిశ్చితి సూత్రం వెలువడినా, ఆ ఊహలు నాయకత్వ చింతనలో బలంగా వినిపించడానికి మరో ఆరు దశాబ్దాలు పట్టింది. మార్గరెట్ వీట్లీ 1992లో, డానా జోహర్ 1997లో ప్రచురించిన గ్రంథాలు యంత్రానికి బదులు పరస్పర సంబంధాల అల్లికను ముందుకు తెచ్చాయి. తరువాత టిమ్ పోర్టర్-ఓగ్రేడీ, క్యాతీ మల్లోక్ ఈ భావనను నర్సింగ్ రంగ పాఠ్యగ్రంథంగా మలిచారు. చైనాలోని హైయర్ సంస్థలో 2005 నుంచి జాంగ్ రుయిమిన్ అమలుచేసిన స్వతంత్ర చిన్న బృందాల పద్ధతిని జోహర్ తన వాదానికి ఉదాహరణగా స్వీకరించారు.

దీనికి సమాంతరంగా మరో పాయ సాగింది. 2007లో మేరీ ఉల్-బీన్, రస్ మారియన్, బిల్ మెకెల్వీ ‘సంక్లిష్టతా నాయకత్వ సిద్ధాంతా’న్ని ప్రతిపాదించి, నాయకత్వాన్ని పాలనాత్మకం, అనుకూలనాత్మకం, దోహదాత్మకం అని మూడుగా విభజించారు. పరమాణువుల ప్రస్తావన అవసరం లేకుండానే, మనుషుల నడుమ జరిగే పరస్పర చర్యలను పరిశీలనకు అందేలా చేయడం ఈ పాయ విశిష్టత.

ఉపమలో సామ్యం ఉంటుంది, భేదమూ నిలిచి ఉంటుంది. రూపకం అభేదాన్ని ఆరోపిస్తుంది. సంస్థ క్వాంటం వ్యవస్థ వంటిది అన్నంతవరకు అది ఆలోచనను రేకెత్తించే పోలిక. సంస్థే క్వాంటం వ్యవస్థ అన్నప్పుడు కవిసమయం శాస్త్రప్రమాణంగా చలామణి అవుతుంది. దీని పర్యవసానం మాటలకే పరిమితం కాదు. ఆసుపత్రి వార్డులో సిబ్బంది చాలక ఏర్పడిన అస్తవ్యస్తతను ప్రకృతిసహజమైన అనిశ్చితిగా వర్ణిస్తే, నియామకాలు చేయవలసినవారి బాధ్యత కనుమరుగవుతుంది. హైజెన్‌బర్గ్ సూత్రం కణం స్థానానికీ ద్రవ్యవేగానికీ సంబంధించినది. పని పంపకానికి అది సమాధానం కాజాలదు.

యంత్ర రూపకపు పట్టును సడలించడం క్వాంటం నాయకత్వ చింతన సాధించిన మేలు. ఆ మేలు నిలవాలంటే దానిని ఉపమగానే చదవాలి. ఈ భావనలను తెలుగులోకి తెచ్చేవారు పారిభాషిక పదాలతో పాటు ‘వలె’ అనే ఉపమావాచకాన్నీ విడిచిపెట్టకుండా తేవలసి ఉంది.